మార్గశిరంలో విరగబూసిన తోట

కొండవాలున సన్యాసమ్మ పూలతోట ఉంది. చుట్టూ రాళ్ళు పేర్చిన గోడ. ఆ గోడ సందులో తేనెటీగలు పట్టు పెట్టుకున్నాయి. ఏటా కార్తీక పున్నమి దాటేసరికి కొండమీంచి చలి దిగేది, బంతి మాడిపోయేది, సీతమ్మజడలు రాలిపోయేవి. ఈగలు ఒకదాన్నొకటి హత్తుకుని, దాచుకున్న తేనె తాగుతూ చలికాలం గట్టెక్కేవి.

ఆ ఏడు మార్గశిరం సగమైనా చలి జాడ లేదు. ఒక పొద్దున పుంజు గోడెక్కి, కూయబోయి, గోడ పక్కన నెమరేస్తున్న ఎద్దును కేకేసింది.

“ఎద్దన్నా! బంతి మళ్ళీ విరగబూసింది!”

ఎద్దు నెమరు ఆపేసింది. “నా కళ్ళు చెడ్డాయనుకున్నాను. నీకూ కనబడుతోందా?”

“కనబడకేం! ఈ రోజుల్లో పూలేంటి?”

రాణీగ బయటికి తొంగి చూసింది. తోటంతా పసుపూ ఎరుపూ. “అమ్మలూ, ఇది నమ్మొచ్చా? నమ్మకూడదా?”

అప్పుడే పొదలోంచి నక్క వచ్చింది. “ఎందుకు రాణమ్మా అంత బెంబేలు? కొండకి ఆ పక్కనుంచే వస్తున్నాను. అక్కడ కూడా చలి లేదు. ఈ ఏడు ఇటు రాదంతే!”

“నిజంగా రాదా, నక్క మావా?”

“వస్తే పూలు పూస్తాయా? నువ్వే చెప్పు. ఇంత పంట ముందుంటే గుమ్మం దగ్గర కాపలాకి అంతమందెందుకు? అందరూ వెళితే రెట్టింపు తేనె.”

“అమ్మా, కాపలా తీయొద్దు,” అంది ఎద్దు.

“నువ్వు ఎండుగడ్డి తినేవాడివి. పూల సంగతి నీకేం తెలుసు?” అని నక్క నవ్వింది.

రాణీగ ఆశపడింది. కాపలా ఈగలు కూడా తోటకెళ్ళాయి.

సాయంత్రం తిరిగొచ్చి చూస్తే సగం పట్టు లేదు. పసిపిల్లల కోసం దాచిన అరలు కూడా చిరిగిపోయి ఉన్నాయి.

“ఎంత ఘోరం!” అని నక్క అందరికంటే ముందు ఏడ్చింది. “ఎలుగు పనే అయ్యుంటుంది. దిగులు పడకు రాణమ్మా. రేపు కూడా అందరూ వెళ్ళండి. పూలున్నాయిగా, నాలుగు రోజుల్లో నిండిపోతుంది.”

తెల్లారేసరికి గడ్డి తెల్లగా బిగుసుకుపోయింది. ఎద్దు తొట్టిలో నీళ్ళమీద మంచు పలక కట్టింది. చలి ఒక్కసారిగా దిగింది. బంతిపూలన్నీ ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోయాయి. గుమ్మం దాకా వచ్చిన ఈగలు ఆ నల్లటి తోటను చూసి ఆగిపోయాయి.

“లోపలికి రండి,” అంది రాణీగ, వణుకుతూ. “ఒక్కరు కూడా కదలొద్దు.”

నక్క తన గుంతలో వెచ్చగా నిద్రపోయి, పొద్దెక్కాక లేచింది. దాని మనసంతా మిగిలిన సగం పట్టుమీదే. ఈగలన్నీ పూలమీద ఉంటాయన్న ధీమాతో తోటకేసి కన్నెత్తి కూడా చూడకుండా వచ్చి, మూతి మొత్తం సందులో దూర్చేసింది.

ఈగలన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఒక్కుమ్మడిగా దాని మూతిమీద పడి కుట్టాయి.

“బాబోయ్! చచ్చాను! మీరు తోటకెళ్ళలేదా? పూలున్నాయిగా!”

“ఏ పూలు మావా?” అంది రాణీగ. “వెనక్కి తిరిగి చూడు.”

నక్క తిరిగింది. వాచిపోతున్న కళ్ళ సందుల్లోంచి నల్లటి తోట కనబడింది. అరవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. ముక్కుమీద ఇంకో నాలుగు కుట్టాకగాని కాళ్ళు కదల్లేదు. దారి కానక రాళ్ళకు గుద్దుకుంటూ కొండెక్కి పోయింది.

రాణీగ మిగిలిన తేనెను అందరికీ ఎప్పటి వాటాలో సగం చొప్పున పంచి, గుమ్మం దగ్గర మళ్ళీ కాపలా పెట్టింది.

ఎదుటివాళ్ళ కోసం అల్లిన అబద్ధాన్ని తానే నమ్మినవాడికి కళ్ళముందున్న నిజం కనబడదు.