ఆనుగుండు నరసింహస్వామి: వీపు ఆనించే బండ కథ

పెన్నకు ఎగువన, ఎర్రమట్టి దారి పట్టుకుని తిప్పరాళ్ళపల్లె దాటి గుట్ట ఎక్కితే ఆనుగుండు నరసింహస్వామి ఆలయం కనిపిస్తుంది. గుడి చిన్నది, గోపురమూ చిన్నదే. మొదటిసారి వచ్చిన యాత్రికులు ఎదురుగా దర్శనం చేసుకుని, తీర్థం పుచ్చుకుని, ప్రదక్షిణగా వెనకవైపుకు రాగానే ఉలిక్కిపడతారు. అక్కడ గర్భగుడికి గోడ లేదు. స్వామి వెలసిన పెద్ద బండే గోడగా నిలిచి ఉంటుంది. ఆ బండకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. దేవుడికి వీపు చూపించడమేమిటని కొందరు పెద్దమనుషులు వాళ్ళను కసురుతారు కూడా. అలా కసరవద్దని మనవి. ఈ క్షేత్రంలో మొదట పుట్టిన పూజ అదే. అర్చనలూ హారతులూ చాలాకాలం తరువాత వచ్చాయి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దగ్గరలో ఊరు కూడా లేదు. గొర్రెల కాపరులు ఈ బండకు నామం దిద్ది, తోడేళ్ళ నుంచి మందను కాయమని నరసింహస్వామికి దండం పెట్టుకునేవారు. అంతకు మించి ఆయనను పట్టించుకున్నవారు లేరు. ఆ రోజుల్లో ఈ సీమలో వరుసగా వానలు తప్పాయి. బావులు అడుగంటాయి. పల్లెలకు పల్లెలు మూటలు కట్టుకుని, నీళ్ళున్న దిక్కును వెదుక్కుంటూ వలసపోయాయి. అలా పోతున్న ఒక గుంపులో ఓబుళమ్మ అనే యువతి ఉంది. అహోబిలం నరసింహస్వామిని తలచుకుని తల్లిదండ్రులు ఆమెకు ఆ పేరు పెట్టుకున్నారు. ఆమె భర్త దారిలోనే జ్వరం వచ్చి పోయాడు. చంకలో చంటిబిడ్డ మిగిలింది.

తిండి లేక ఓబుళమ్మకు పాలు ఎండిపోయాయి. బిడ్డ మొదట ఆకలికి గుక్కపెట్టి ఏడ్చేది. తరువాత ఏడవడం కూడా మానేసింది. పోనీలే, ఏడుపు ఆగిందని గుంపులో కొందరు అనుకున్నారు గానీ, తల్లి గుండె జారిపోయింది. ఆ ఏడుపు ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. దారిలో కనిపించిన ప్రతి గుడికీ, పసుపు పూసిన ప్రతి రాయికీ ఆమె మొక్కింది. ముడుపు కట్టడానికి ఏమీ లేక కొంగు చించి కొమ్మలకు కట్టింది. పాలు మాత్రం పడలేదు.

మార్గశిర మాసంలో ఒక సాయంత్రం ఆ గుంపు ఈ గుట్ట మీదుగా వెళ్ళింది. చలిగాలి మొదలైంది. ఓబుళమ్మకు కాళ్ళు ఆడలేదు. మెల్లగా వెనుకబడిపోయింది, పిలిస్తే పలికేంత దూరంలో ఎవరూ మిగల్లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా బండ, దాని మీద నామం. అలవాటు కొద్దీ దండం పెట్టబోయింది. చేతులు లేవలేదు.

“నీ పేరు పెట్టుకున్న దాన్ని. నన్నే ఇట్ల చేస్తివి. ఇంక ఎన్ని తూర్లు మొక్కల్ల నీకు? చాలు సామీ. నీ మొకం చూడను పో” అని ఆమె బండ వెనకవైపుకు తిరిగి వెళ్ళి, స్వామికి వీపు పెట్టి కూలబడింది.

దేవుడి మీద అలిగినవారు ఆయనకు దూరంగా వెళ్ళిపోవాలి. ఓబుళమ్మకు వెళ్ళే ఓపిక లేదు. కూర్చుందామంటే ఆనుకోవడానికి ఆ గుట్ట మీద మరొకటి లేదు. కనుక ఎవరి మీద అలిగిందో ఆయననే ఆనుకుని కూర్చుంది. పాపం, అది ఆమెకు తోచనైనా లేదు.

పగలంతా ఎండకు కాగిన బండ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మెల్లగా వీపులోకి, భుజాల్లోకి పాకింది. భర్త పోయిన నాటి నుంచి బిగబట్టుకుని నడుస్తున్న మనిషి, ఒక్కసారిగా ఒళ్ళు వదిలేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలాగే కళ్ళు మూసింది. కలలో ఆమెకు ఏ రూపమూ కనిపించలేదు. తన వీపుకు వీపు ఆనించి ఎవరో కూర్చున్నట్టు మాత్రం అనిపించింది. ఆ కూర్చున్నవారు అన్నారట: “అలిగితే అలుగు తల్లీ. వీపు మాత్రం తియ్యొద్దు.”

ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి రవిక తడిసి ఉంది. బిడ్డ నోటికి రొమ్ము అందించింది. మొదట ఆ నోరు కదలలేదు. తరువాత పెదవులు కదిలాయి, బుగ్గలు కదిలాయి, చిన్న గుటక వినిపించింది. ఆ గుటక విన్న తల్లి సంతోషాన్ని చెప్పే శక్తి ఈ స్థలపురాణం రాసేవాడికి లేదు.

తెల్లవారాక మారెప్ప అనే కురుబ ముసలాయన మందను తోలుకుని అటు వచ్చాడు. నామం దిద్దిన బండకు వీపు పెట్టి కూర్చున్న స్త్రీని చూసి నొచ్చుకున్నాడు.

“ఎవరి బిడ్డవమ్మా నువ్వు? సామికి వీపు పెట్టి కూచుంటివే, తప్పు కదా?”

“ఆయప్పే తియ్యొద్దన్నాడు నాయనా” అంది ఓబుళమ్మ.

ఆమె మతి చలించిందేమోనని మారెప్ప బండ మీద చెయ్యి వేశాడు. రాత్రంతా మంచులో తడిసిన బండ చల్లగా ఉంది. ఆమె ఆనుకున్న చోటు మాత్రం పొయ్యి పక్క గోడలా వెచ్చగా ఉంది. ముసలాయన తన కోసం తెచ్చుకున్న రాగి అంబలి ఆమెకు పోసి, బిడ్డ మీద తన గొంగడి కప్పాడు. ఓబుళమ్మ ఆ కాపరుల దగ్గరే ఉండిపోయింది. బిడ్డ బతికింది. ఆ మాట నలుగురికీ తెలిసి, దిక్కుతోచనివారు ఒక్కొక్కరే వచ్చి బండను ఆనుకోసాగారు. ఈ సీమలో గుండు అంటే పెద్ద బండ; అందుకే దీనికి ఆనుగుండు అని పేరు వచ్చింది.

తరువాత చాలా ఏళ్ళకు ఈ ప్రాంతపు పాలెగాడు స్వామికి గుడి కట్టించాడు. వీరాచారి అనే స్థపతి శాస్త్రం తప్పకుండా బండ ముందువైపు స్వామి రూపం చెక్కి, బండ చుట్టూ నాలుగు గోడలూ లేపాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ప్రతిష్ఠ దగ్గరపడిన ఒకనాడు, అప్పటికి జుట్టు నెరిసిన ఓబుళమ్మ వచ్చింది. వెనకవైపుకు వెళ్ళి గోడను తడిమి, స్థపతిని పిలిచింది.

“ముందర నిలబడేటోళ్ళకు అడిగేదానికి మాటలుంటాయి నాయనా. మాటలు కూడా అయిపోయినోళ్ళు యాడికి పోవాల?”

 ఆ రాత్రే వీరాచారికి కల వచ్చింది. కలలో స్వామి వెనక్కి తిరిగి ఉన్నాడు. ఎంత వేడుకున్నా ఇటు తిరగలేదు. “నా వెనక ఎవరో చలిలో నిలబడి ఉన్నారు. నువ్వు వాళ్ళకూ నాకూ మధ్య గోడ కట్టావు. అది తీస్తేనే నీవైపు చూస్తాను” అన్నాడు. తెల్లవారగానే వీరాచారి గడ్డపార పట్టుకుని, తాను పేర్చిన రాళ్ళను తానే ఊడదీశాడు. ఎవరు పడితే వాళ్ళు తాకితే స్వామికి మైల పడుతుందని పాలెగాడు మండిపడ్డాడు. “గోడ వద్దని స్వామే అన్నాడు దొరా. శిక్ష వేస్తే నాకు వెయ్యండి” అన్నాడు స్థపతి. పాలెగాడు అప్పటికి శిక్ష వేయకుండానే వెళ్ళిపోయాడు. కొంతకాలానికి కొడుకును యుద్ధంలో పోగొట్టుకుని, పరివారాన్ని గుట్ట కింద వదిలి ఒంటరిగా వచ్చి, ఆ బండనే ఆనుకుని కూర్చున్నాడని పెద్దలు చెబుతారు. ఇక గోడ మాట ఎవరూ ఎత్తలేదు.

నేటికీ వెనకవైపు అర్చన లేదు, టిక్కెట్టు లేదు. అక్కడ కూర్చున్నవారిని గోత్రమూ పేరూ అడగము, ఏమైందనీ అడగము. మార్గశిరంలో చంటిపిల్లల తల్లులు సాయంత్రం వేళ వచ్చి ఆనుకుని, బిడ్డకు అక్కడే పాలిచ్చి వెళ్తారు. దయచేసి ఆ బండ మీద పేర్లు చెక్కకండి.

ఆనుకున్నంత మాత్రాన కష్టాలన్నీ తీరిపోతాయని మేము చెప్పము. ఓబుళమ్మకు పోయిన భర్త తిరిగి రాలేదు. వానలు కూడా ఆ మర్నాడే కురవలేదు. అయినా లేచి నడవడానికి చాలినంత ఓపికను స్వామి ఇస్తాడని తరతరాలుగా వచ్చినవారు చెబుతున్నారు, అర్చకులమైన మేమూ మా కష్టకాలాల్లో అక్కడ కూర్చుని ఆ మాట నిజమని తెలుసుకున్నాము. తరువాత ముందువైపుకు వచ్చి దర్శనం చేసుకోవాలన్న నియమమేదీ లేదు. అలక తీరకపోతే అలాగే వెళ్ళిపోవచ్చు.

ఆలయం మూసే వేళ బోర్డు మీద రాసి ఉంటుంది. కానీ తలుపులు వేసే ముందు అర్చకుడు వెనకకు వెళ్ళి చూస్తాడు. ఎవరైనా ఆనుకుని ఉంటే, చప్పుడు చేయకుండా తిరిగి వచ్చి, దీపంలో మరికాస్త నూనె పోసి, గడప దగ్గర కూర్చుంటాడు. వారు లేచేదాకా ఈ గుడి తలుపులు వేయరు. మా వల్ల ఆలస్యమవుతోందే అని మీరు మొహమాటపడవద్దు. కూర్చోండి.