రాజుగారి సున్నపు వేళ్ళు

ఎరుపంటే జనం హడలి చచ్చే రాజ్యం ఒకటుండేదండీ. దాని రాజు ప్రచండవర్మ. ఒకరోజు ఎర్రపట్టు తలపాగా చుట్టుకుని అద్దంలో చూసుకుని తెగ మురిసిపోయాడు. "ఈ రంగు నా ఒక్కడిది. ఇకమీదట ఎవరి చేత్తో ఎరుపు పుడితే ఆ చెయ్యి నరికేయండి!" అని చాటింపు వేయించాడు.

అద్దకంవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. పెళ్ళికూతుళ్ళు పారాణి మానేసి బోసికాళ్ళతో పీటలెక్కారు. తలారి మాత్రం జనానికి వినబడేలా కోటగుమ్మంలో కూర్చుని కత్తి నూరేవాడు.

ఆ రాజుగారి పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడేవాడు పేరన. మాటకారి. ఇంటికొస్తే రంగుల పిచ్చి. ఉల్లిపొట్టు ఉడకబెడతాడు, దానిమ్మతొక్కలు నానబెడతాడు, నూలుపోగులు, పీచుతాళ్ళు, ఏది దొరికితే అది అందులో పడేస్తాడు. ఒకసారి లేగదూడ తోకకూ రంగేశాడు.

"ఇంకా నయం, నా జడ జోలికి రాలేదు!" అనేది భార్య చెన్నాంబ.

ఒకనాడు ఆమె తెల్లచీరను పసుపునీళ్ళలో నానబెట్టి కొలువుకు వెళ్ళాడు. తిరిగొచ్చీ రాగానే, చేతులైనా కడుక్కోకుండా చీర పైకి తీశాడు. పట్టుకున్నచోటల్లా ఎర్రటి వేలిముద్రలు!

పేరన చీర వదిలేసి కేకేశాడు. "ఏమేవ్, బూడిదనీళ్ళు పట్రా! కడిగేద్దాం!"

పొయ్యిలో బూడిద కలిపిన నీళ్ళలో ముంచారో లేదో, చీర మొత్తం ఎర్రబడి కూర్చుంది. చెన్నాంబ నోరు నొక్కుకుంది. సరిగ్గా అప్పుడే గోడ మీంచి తలారి మొహం కనబడింది.

"రేపు కొలువుకు రా పేరనా. చెయ్యి తెచ్చుకో," అన్నాడు.

చెన్నాంబ బావురుమంది. పేరనకు ముద్ద దిగలేదు. తన చేతిని తనే ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. పెట్టెలో నింపినప్పుడు అంటిన తాంబూలపు సున్నం గోటిసందుల్లో ఇంకా ఉంది. దానివంక చాలాసేపు చూసి, లేచి, చిన్న తువ్వాలొకటి పసుపులో ముంచాడు.

మర్నాడు కొలువులో రాజు ఉరిమాడు. "ఏరా! నా రంగే దొంగిలిస్తావురా?"

"తప్పే ప్రభూ," అన్నాడు పేరన. "చెయ్యి ఉండగానే ఆఖరి తాంబూలం అందించనివ్వండి."

రాజు సరేనన్నాడు. ఎవరైనా విషం పెడతారని ఆయనకు భయం, అందుకే ఆకుకు సున్నం తనే రాసుకునేవాడు. రాసుకున్నాక, చూడకుండానే చెయ్యి పక్కకు చాపేవాడు. పేరన తడితువ్వాలు అందించాడు. రాజు తుడుచుకున్నాడు.

కొలువంతా మెడలు చాచి చూసింది. పచ్చటి తువ్వాలు మీద ఎర్రగా రాజుగారి వేళ్ళు! కత్తి దూసి ముందుకొచ్చిన తలారి ఉన్నచోటే ఆగిపోయాడు.

రాజు మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఇది... ఇది నేను కావాలని చేశానా?"

"నేనూ కావాలని చెయ్యలేదు ప్రభూ. అదే పసుపు, అదే సున్నం. చెయ్యి ఒక్కటే వేరు." పేరన తలారి వంక చూశాడు. "పాపం, తలారి ఎటు రావాలో తెలియక నిలబడ్డాడు. ఏ చెయ్యో తమరే సెలవియ్యండి."

రాజు తన చేతిని గబుక్కున ఉత్తరీయంలో దాచుకున్నాడు. పేరన కళ్ళు మూసుకున్నాడు.

ఉన్నట్టుండి రాజుగారి నవ్వు వినబడింది. నవ్వీ నవ్వీ ఆయన తలపాగా జారిపోయింది. "ఒరేయ్, నా చేత్తోనే నన్ను దొంగను చేశావు కదరా!"

నరకమన్న ఆ చేతికే తన బంగారు కడియం తీసి తొడిగాడు. ఎరుపు అందరిదీ అని ఆ పూటే చాటించాడు. ఆ సాయంత్రానికే ఊళ్ళో ఆడవాళ్ళ పాదాలు ఎర్రబడ్డాయి.

అయితే, ఆ తర్వాత రాజుగారు మళ్ళీ సున్నం తాకితే ఒట్టు. "నువ్వే రాయరా పేరనా," అనేవాడు, రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని.