నాలుగో తరం ఏడు, పన్నెండో తరం మూడు

తణుకులో కంప్యూటర్లు అమ్మే కోదండపాణి అనే ఆయన ఉండేవాడు. పేరులో పెద్ద అంకె కనబడితే చాలు, ఇక మరేమీ చూసేవాడు కాదు. కంప్యూటర్‌కి మెదడు ప్రాసెసర్ కదా, అది 'ఐ సెవెన్' అయితే గొప్పది, 'ఐ త్రీ' అయితే చులకన. స్వామి నన్ను మన్నించాలి గాని, పొద్దున్నే పటానికి హారతిచ్చి, అదే చేత్తో ఐ సెవెన్ బిళ్లకీ ఇచ్చేవాడు!

పెళ్లి వీడియోలు కూర్చే మెహరున్నీసా ఓసారి కొత్త ఐ త్రీ అడిగింది.

"ఏడు ఉండగా మూడెందుకు తల్లీ? నవ్విపోతారు!" అని ఆయన ఒక పాత ఐ సెవెన్ పెట్టె అంటగట్టాడు. మోసం కాదు సుమా, నిజంగానే అలా నమ్మేవాడు.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఆమె ఆ పెట్టెను ఆటోలో వేసుకుని వచ్చింది.

"బాబాయ్ గారూ, పొద్దున ఆరింటికి తయారవడానికి పెట్టిన పెళ్లి సినిమా ఇప్పటికి సగమే అయింది. పెళ్లివాళ్లు ఐదింటి రైలుకి వెళ్లిపోతున్నారు. ఈలోగా ఇవ్వకపోతే ఈ ఊళ్లో నాకు ఇంకో పెళ్లి ఎవరిస్తారు?"

"ఏడుని తప్పు పట్టకు. నీకే వాడటం రాలేదు" అన్నాడు కోదండపాణి.

ఆమె కౌంటర్ వైపు చూసింది. "మీరు బిల్లులు కొట్టేది ఏమిటి?"

"ఐ త్రీ. బిల్లులకి అది చాలు."

"అయితే సినిమాలో ఒకే ముక్క రెండింటికీ ఇద్దాం."

తాళి కట్టే ఐదు నిమిషాల ముక్క రెండింట్లోనూ ఒకేసారి పెట్టారు. ఐ త్రీ ఏడు నిమిషాల్లో ముగించి కూర్చుంది. ఐ సెవెన్‌కి ఇరవై పట్టింది.

"పాణి గారూ, మీ ఏడుకి మోకాళ్ల నొప్పులా?" అన్నాడు కొట్లో ఒకాయన. అందరూ నవ్వారు.

కోదండపాణి నవ్వలేదు. రెండు పెట్టెల కాగితాలూ తీసి, మొదటిసారి పూర్తిగా చదివాడు. ప్రాసెసర్లలో ఇంచుమించు ఏడాదికో కొత్త తరం వస్తుంది; ఏడు నాలుగో తరానిది. మూడు పన్నెండో తరానిది. మధ్య ఎనిమిది తరాల మెరుగు ఉంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు అందరి ముందూ. "తరం చూడకుండా అంకె చూశాను. నీ నోటికాడ కూడు తీసేవాణ్ణి. ఇది నువ్వు తీసుకో. నేను బిల్లులు చేత్తో రాసుకుంటాను."

మిగిలిన సగం అక్కడే ఆ ఐ త్రీలో పెట్టారు. మూడున్నరకల్లా సినిమా తయారైంది. మెహరున్నీసా స్టేషన్‌కి పరుగెత్తింది.

మర్నాటి నుంచి ఆయన కొట్లో ప్రతి పెట్టె మీదా ఒక చీటీ ఉండేది: ఇది ఏ తరానిది, ఆ తాళి ముక్కకి ఎన్ని నిమిషాలు పట్టింది.

కనుక బిడ్డలారా, పేరు చూసి దేన్నీ ఎక్కువనీ తక్కువనీ అనకూడదు. ఒకే పని అప్పగించి పోల్చి చూశాకే మాట చెప్పాలి.