గవరయ్య దూలం దిగిన కథ

అనగనగా ఒక ఊళ్ళో, నువ్వుల వాసన వేసే సందు చివర, ఒక గానుగ ఉండేదే చిట్టీ. చిన్న కథే. రెండు ఆవులింతల్లో అయిపోతుంది. ఆ సందులోనే నూకాలు ఉండేది. పక్కింటి కూరలో ఉప్పు తక్కువైతే ఆవిడకే ముందు తెలిసేది. తన కూర మాడితే మాత్రం పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాలి. సరే, నూకాలు గొడవ మనకెందుకు?

గానుగ గవరయ్యది. రోట్లో నువ్వులు పోస్తే, ఎద్దు దూలాన్ని లాగుతూ చుట్టూ తిరిగేది. దూలం మీద బరువుంటేనే నూనె దిగుతుంది. ఆ బరువు గవరయ్యే. ముప్ఫై ఏళ్ళుగా దాని మీదే కూర్చున్నాడు, దాని మీదే తిన్నాడు. ఊరందరికన్నా లావు. నూనె కూడా అందరికన్నా చిక్కన. దూలం దిగి గుమ్మం దాకా వెళ్ళాడంటే రొప్పు వచ్చేసేది.

అప్పుడు ఒకరోజు ఎద్దు బూడిదగాడు కుంటడం మొదలుపెట్టాడు. పశువుల డాక్టరమ్మ వచ్చి మోకాళ్ళు నొక్కి చూసింది.

"ఇంత బరువు మోస్తే వీడు ఉగాది చూడడు బాబాయ్," అంది.

వాడు తల్లిలేని దూడగా ఉన్నప్పుడు వేలు చీకించి పాలు అలవాటు చేసింది గవరయ్యే. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. ఆ సందులో అంతకన్నా పెద్ద వార్త అప్పటిదాకా పుట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఎద్దుకి విశ్రాంతి ఇచ్చాడు. కుంటు తగ్గింది. అప్పుడు తన బదులు దూలం మీద కాసిని రాళ్ళు పెట్టి, "హెయ్" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. వాడు కదల్లేదు. వెనక ఆయన ఊపిరి వినపడందే అడుగు వేసి ఎరగడు పాపం.

"తోడు వెళ్ళవయ్యా, ఒక్కడూ సిగ్గుపడుతున్నాడు," అంది ఆయన భార్య మంగాయమ్మ, నువ్వులు చెరుగుతూ.

మొదటిరోజు ఎద్దు వెనకే గుమ్మం నుంచి కిటికీ దాకా నడిచాడు. రొప్పు. ఆగాడు. బూడిదగాడూ ఆగాడు. తన కోసం ఆగాడు కదా అని నూనె తీయగా మిగిలిన తెలగపిండి గుప్పెడు పెట్టాడు. ఆగిన చోట గోడకి సున్నం బొట్టు పెట్టాడు.

రెండోరోజు బొట్టు దాటాలని గబగబా నడిచాడు. మోకాళ్ళు పట్టేసి మూడు రోజులు మంచం దిగలేదు.

ఆ తర్వాత మెల్లగా నడిచాడు. బొట్టు ఓ జానెడు జరిగింది. మర్నాడు ఇంకో జానెడు. రేపు రొప్పు ఎక్కడ వస్తుందో చూడాలని ఆయనకే వింతగా ఉండేది. ఆ ఆత్రంతో పొద్దున్నే మెలకువ వచ్చేసేది.

నూకాలు వచ్చి గోడ చూసింది. "ఏం బాబాయ్, గోడకి అమ్మోరు పోసిందా?"

"పోసింది. దగ్గరికి రాకు, అంటుకుంటుంది," అన్నాడు గవరయ్య.

మూడో నెలకి ఆగకుండా ఆరు చుట్లు తిరగగలిగాడు. కానీ తిరగనిస్తేగా! బొట్టు కనిపించిన చోటల్లా బూడిదగాడు ఆగిపోయేవాడు. గుప్పెడు పిండి పడితేనే కదిలేవాడు. పెట్టక ఏం చేస్తాడు?

అప్పుడు ఉగాది వచ్చింది, డాక్టరమ్మా వచ్చింది. గవరయ్య సన్నబడ్డాడో లేదో తేల్చుకోవాలని సందంతా వాకిట్లో చేరింది. పొట్ట ఎక్కడిది అక్కడే ఉంది. డాక్టరమ్మ ఆయన్ని చూడనే లేదు. ఎద్దు మోకాళ్ళు నొక్కింది, డొక్కలు తడిమింది.

"మోకాళ్ళకి భయం లేదు. కానీ బాగా కొవ్వు పట్టాడు. పిండి తగ్గించి, రోజూ కాలవ గట్టు మీద మెల్లగా నడిపించు బాబాయ్."

మర్నాడు ఇద్దరూ గట్టు మీదికి వెళ్ళారు. సగం దూరంలో ఎద్దుకి రొప్పు వచ్చింది. గవరయ్య ఆగాడు.

కథ కంచికి, ఎద్దు గట్టుకి, కునుకు మా చిట్టి కంటికి.