దుంపల గది ఖాళీ చేసే ముందు

ఇప్పకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, నెమళ్లు, ఉడుములు కలిసి బతికేవి. ఆ అడవి చివర ఎర్రమట్టి గట్టులో పక్కపక్కనే రెండు బొరియలు ఉండేవి. ఒకదానిలో శూలయ్య అనే ముళ్లపంది ఉండేవాడు. రెండోదానిలో అతని తమ్ముడి భార్య కందమ్మ, ఆమె ఇద్దరు పిల్లలు ఉండేవారు. కందమ్మ భర్త కిందటేడు పులి వాతపడ్డాడు. అప్పటినుంచి ఇల్లు నడపడం, పిల్లల్ని సాకడం అన్నీ ఆమె మీదే పడ్డాయి.

ముళ్లపందులకు తెలిసిన విద్య నేల తవ్వడం. కానీ ఇప్పకోన మట్టి ఎంత మెత్తనిదంటే అక్కడ ఎలుకలు కూడా మూడు గదుల ఇళ్లు తవ్వుకునేవి. అలాంటి చోట తవ్వేవాళ్లను ఎవరు పిలుస్తారు? అందుకని ముళ్లపందులు చలికాలంలో దుంపలు ఏరుకుని, బొరియ వెనక ఒక చిన్న గదిలో దాచుకునేవి. ఎండాకాలం, వానాకాలం ఆ దుంపల గది మీదే గడవాలి. గది ఖాళీ అయితే పొయ్యిలో పిల్లి లేవదని మనుషులు అనుకుంటారే, అదే పరిస్థితి.

ముళ్లపందులకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఎదుట శత్రువు నిలబడితే ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు ఒళ్లు రెండింతలుగా కనిపిస్తుంది. పులి ముందు అది మంచి ఉపాయమే. శూలయ్య మాత్రం చుట్టాలొచ్చినా ముళ్లు లేపేవాడు. పలకరించడానికి వచ్చిన పావురం ముందు కూడా లేపేవాడు. తను ఎంత పెద్దవాడో లోకానికి తెలియాలని అతని తాపత్రయం.

ఒకరోజు వాగు అవతలనుంచి ఉరుకన్న అనే కుందేలు ఆ గట్టు దగ్గరికి వచ్చాడు.

"మాది తెల్లరాళ్ల కొండ" అన్నాడు. "మొన్న కార్చిచ్చు వచ్చి మా పొదలన్నీ కాలిపోయాయి. కుందేళ్లం కదా, మాకు తవ్వడం చేతకాదు. పొదల్లోనే పడుకునేవాళ్లం. ఇప్పుడు దాక్కునే చోటు లేక పిల్లల్ని డేగలు ఎత్తుకుపోతున్నాయి. తూర్పు వాలుకి ఒకరు, పడమటి వాలుకి ఒకరు, మాకు బొరియలు తవ్వేవాళ్లు కావాలి. ఒకసారి తవ్వితే అయిపోదు. ఏటా వానలకు పూడిపోతాయి, మళ్లీ బాగు చేయాలి. పని ఉన్నన్నాళ్లూ మా కొండ దుంపలు కడుపునిండా పెడతాం."

ఆ మాట వినగానే కందమ్మ బొరియలోంచి ముందుకు వచ్చింది. తన విద్యకు విలువ ఇచ్చే చోటు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"మరి అక్కడికి రావడం ఎలా?" అని అడిగింది.

ఉరుకన్న వాగు వైపు చూపించాడు. "రావడం మీ ఖర్చేనక్కా. వాగు లోతు. మొసళ్లున్నాయి. తాబేలు డిప్పయ్య వీపు మీద దాటిస్తాడు కానీ, ఊరికే దాటించడు. దుంపలు అడుగుతాడు. అవతల రాళ్లమైదానంలో తినడానికేమీ దొరకదు, దారి తిండి కూడా మోసుకోవాలి."

"అదెంత పని!" అన్నాడు శూలయ్య. అతని ముళ్లు అప్పటికే నిక్కబొడుచుకున్నాయి. "శూలయ్య ఒకరి ఖర్చుతో ప్రయాణం చేసేవాడిలా కనిపిస్తున్నాడా? పడమటి వాలు నాది. రేపే బయలుదేరుతున్నాను."

అన్నంత పనీ చేశాడు. పోయేముందు గట్టు మీది వాళ్లందరినీ పిలిచి విందు పెట్టాడు. మెత్తని గడ్డిపరుపు, రాలిన ముళ్ల కట్ట, ఒళ్లు రుద్దుకునే మొద్దు, అన్నీ తనతోపాటు వాగు దాటాల్సిందే అన్నాడు. వాటికోసం డిప్పయ్య అటూ ఇటూ పలుమార్లు తిరగాల్సి వచ్చింది. తిరిగినప్పుడల్లా దుంపలు తీసుకున్నాడు. చివరికి శూలయ్య దుంపల గది ఊడ్చిపెట్టినట్టయింది. బొరియను కూడా ఒక ఉడుముకు దానం చేసేశాడు.

"ఇక నాకు దీనితో పనేముంది?" అన్నాడు దర్జాగా.

ఇప్పకోనలో వదిలిన బొరియ వదిలినట్టే. లోపలికి దూరినవాళ్లదే ఇల్లు. ఆ సంగతి అతనికి తెలియక కాదు.

కందమ్మ అలా చేయలేదు. దుంపల గదిలోకి వెళ్లి కూర్చుంది. ఉన్నవాటిని ఓ పక్కకు జరిపి, ఇవి డిప్పయ్యకు అనుకుంది. ఇంకొన్ని జరిపి, ఇవి దారికి అనుకుంది. మిగిలినవాటి వైపు చూస్తే ఆమెకు భయమేసింది. పిల్లలకు నాలుగు పూటలు కూడా రావు.

బయటికి వచ్చి ఉరుకన్న ఎదురుగా కూర్చుంది. ముళ్లన్నీ ఒంటికి అంటుకునేలా దించుకుని మాట్లాడింది.

"తమ్ముడూ, పని ఎప్పుడు మొదలవుతుంది?"

"వాన పడి నేల నానగానే."

"వాన ఆలస్యమైతే?"

ఉరుకన్న చెవులు వాలిపోయాయి. "ఆ సంగతి మేము ఆలోచించలేదక్కా."

"మీరు ఆలోచించకపోయినా నేను ఆలోచించాలి. నాకు ఇద్దరు పిల్లలు. ఈ పని నాకు కావాలి, కాదని బడాయికి పోను. వాగు దాటే ఖర్చు నేనే పెట్టుకుంటాను. కానీ మీ కొండ మీద కాలు పెట్టిన రోజునుంచి, పని మొదలైనా కాకపోయినా, మాకు తిండి మీరు పెట్టాలి. నా తవ్వకం మీకు నచ్చకపోతే వెనక్కి వచ్చే ఖర్చు కూడా మీరే ఇవ్వాలి. మధ్యలో నా అంతట నేనే మానేసి వస్తే, ఆ ఖర్చు నాది. ఈ మాట మీ పెద్దల చెవిన వేస్తావా?"

బయలుదేరబోతున్న శూలయ్య అది విని పకపకా నవ్వాడు. "పరువు తీస్తున్నావు కందమ్మా! పిలిచినవాళ్లను తిండి పెట్టమని ఎవరైనా అడుగుతారా? మనం అవసరంలో ఉన్నామని తెలిస్తే లోకువైపోమూ? నువ్విలా బేరాలాడుతుంటే ఆ పని ఇంకెవరో తన్నుకుపోతారు."

"పోతే పోతుంది బావగారూ" అంది కందమ్మ. పైకి అలా అంది కానీ, ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ముళ్లపందికి ముల్లు గుచ్చుకోవడమేమిటని నవ్వకండి పిల్లలూ. మనసుకు ముళ్లుండవు.

ఉరుకన్న శూలయ్యను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. కందమ్మ ఎదురుచూసింది. దాచిన దుంపలు ముట్టకుండా, పిల్లలతో చెట్ల బెరడు కొరుక్కుంటూ ఆ రోజులు చాలా కష్టంగా గడిపింది. పక్క బొరియలో ఉడుము కాపురం పెట్టి, గడప దగ్గర ఎండలో పడుకోవడం మొదలుపెట్టింది. అడగకుండా ఉంటే బాగుండేదేమో అని కందమ్మ చాలాసార్లు అనుకుంది. శూలయ్య ఈపాటికి కొండ దుంపలు తింటూ ఉంటాడని కూడా అనుకుంది.

"అమ్మా, మనం వెళ్తామా వెళ్లమా?" అని పిల్లలు అడిగేవారు.

"జవాబు రానీయండి" అనేది.

చివరికి ఉరుకన్న మళ్లీ వచ్చాడు. ఈసారి తెల్లరాళ్ల కొండ కుందేళ్లకు పెద్దదిక్కైన మీసాలవ్వ చెప్పిన మాట తెచ్చాడు.

"అక్కా, మీసాలవ్వ ఏమందంటే, కాలిపోయిన కొండ మాది, దాచుకున్నది ఎక్కువ లేదు. అయినా మీరు వచ్చిన రోజునుంచి తిండి పెట్టే పూచీ మాది. మాకున్నదాంట్లోనే మీకూ పెడతాం. తిరుగు ప్రయాణం ఖర్చు మాత్రం మేము ఇవ్వలేం. లేనిదాన్ని ఇస్తామని మాట ఇవ్వలేం అంది."

కందమ్మకు ఆ జవాబు నచ్చింది. ఇవ్వగలిగింది ఇస్తామన్నారు, ఇవ్వలేనిది ఇవ్వలేమన్నారు. అలాంటివాళ్ల దగ్గర పనిచేయవచ్చు అనిపించింది. అయినా వెంటనే మూటాముల్లె సర్దుకోలేదు. తిరిగి రావాల్సి వస్తే ఎలా? ఆ బాధ్యత ఇప్పుడు తనదే కదా.

ముందుగా డిప్పయ్య దగ్గరికి వెళ్లింది. "తాతా, నువ్వు నీ పని మీద అవతలి గట్టుకు ఎప్పుడు వెళ్తావు?"

"అవతల ఇసుక తిన్నెల మీద మా ముసలిది గుడ్లు పెట్టింది. చూడడానికి వెళ్లినప్పుడల్లా ఖాళీ వీపుతోనే పోతాను" అన్నాడు డిప్పయ్య.

"అయితే ఆ రోజే మమ్మల్నీ తీసుకెళ్లు. మాకు పరుపులూ మొద్దులూ లేవు. నేనూ, నా పిల్లలూ, దారి తిండీ, అంతే."

డిప్పయ్య నవ్వి సగం దుంపలకే ఒప్పుకున్నాడు. గడ్డి కొండ మీదా దొరుకుతుంది, మొద్దు లేకపోతే రాయికి ఒళ్లు రుద్దుకోవచ్చు అనుకుంది కందమ్మ. అలా మిగిలిన దుంపల్ని, తిరిగి వస్తే పనికొస్తాయని, తన గదిలోనే మట్టికింద పూడ్చింది. బొరియ నోటికి బండరాయి అడ్డం పెట్టింది. ఈ వానాకాలం పోయేవరకూ లోపలికి ఎవరూ దూరకుండా చూడమని ఎలుగుబంటిని బతిమాలుకుంది. అప్పుడు పిల్లల చేతులు పట్టుకుని బయలుదేరింది.

తెల్లరాళ్ల కొండ మీద నేల ఇనుములా ఉంది. ఆ ఏడు వాన నిజంగానే ఆలస్యమైంది. మబ్బులు వచ్చేవి, చూసేవి, పోయేవి. తూర్పు వాలు కుందేళ్లు ఇచ్చిన మాట ప్రకారం కందమ్మకు, పిల్లలకు రోజూ దుంపలు పెట్టాయి. అవి చిన్నవి, ఒకోసారి సగం కాలినవి. అయినా ఏ పూటా తప్పలేదు. కందమ్మ ఊరికే కూర్చుని తినలేదు. నేల ఎక్కడ ఎలా ఉందో కాళ్లతో తట్టి చూసుకుంది. ఏ కుటుంబానికి ఎక్కడ తవ్వాలో ఆ కుటుంబంతోనే మాట్లాడుకుంది.

పడమటి వాలు మీద శూలయ్య పరిస్థితి వేరు. అతని దగ్గర తినడానికి ఒక్క దుంప కూడా మిగల్లేదు. పని మొదలైతేనే తిండి అని ముందే ఒప్పుకున్నాడు. పని మొదలవడానికి వాన లేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా, కుందేళ్లు ఎదురైతే మాత్రం ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవాడు.

"అయ్యగారు ఎంత పుష్టిగా ఉన్నారో!" అని కుందేళ్లు చెప్పుకునేవి. "దాచుకున్నది బాగానే తెచ్చుకున్నట్టున్నారు. మనం పెట్టే కాలిన దుంపలు ఆయన ముట్టరులే."

ఒకసారి కందమ్మ తన వాటాలోంచి నాలుగు దుంపలు తీసుకుని అతన్ని చూడబోయింది.

"బావగారూ, తిన్నారా?"

"నాకేం తక్కువ? ఇప్పుడే తిన్నాను. అవి పిల్లలకు పెట్టుకో."

కందమ్మ అతని ముఖం చూసింది. అబద్ధమని తెలిసింది. "అవ్వతో నేను చెప్పనా?" అంది.

"చెప్పావంటే నా ముఖం నీకు చూపించను" అన్నాడు శూలయ్య.

దుంపలు అక్కడే పెట్టి వచ్చేసింది. అతను వాటిని తిన్నాడో, ముళ్లతో అవతలికి నెట్టేశాడో ఆమెకు తెలియదు.

ఆకలి ఎక్కువయ్యేసరికి శూలయ్యకు ఒక ఆలోచన వచ్చింది. వాన కోసం ఆగడమెందుకు? పని మొదలుపెడితే తిండి వస్తుంది కదా! ఎవరు వద్దన్నా వినకుండా ఎండిన రాతినేల మీద గోళ్లు దించాడు. నేల కాస్తయినా పెళ్లగిల్లలేదు. ముందు కాళ్ల గోళ్లు మాత్రం మొదలంటా విరిగిపోయాయి.

ఆ తర్వాత వాన పడింది.

నేల మెత్తబడింది. తూర్పు వాలు మీద కందమ్మ హాయిగా తవ్వుకుంటూ పోయింది. వెనక పిల్లలు మట్టి నెట్టారు. బొరియ తర్వాత బొరియ తయారైంది. డేగ వచ్చి ఆకాశంలో చక్కర్లు కొట్టి, నేల మీద ఒక్క కుందేలు పిల్ల కూడా కనబడక వెళ్లిపోయింది. పడమటి వాలు మీద మాత్రం ఒక్క బొరియ కూడా లేదు. అక్కడి కుందేళ్లు పిల్లల్ని నోట కరుచుకుని వానలో తడుస్తూ తూర్పు వాలుకు వచ్చి, చుట్టాల బొరియల్లో ఇరుక్కుని పడుకున్నాయి.

వాళ్ల వెనకే శూలయ్య కూడా వచ్చాడు. వానకు అతని ముళ్లు ఒంటికి అతుక్కుపోయాయి. అప్పుడు కుందేళ్లు అతని అసలు ఒళ్లు చూశాయి. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు.

మీసాలవ్వ అదిరిపడింది. "ఇదేమిటి నాయనా! ఎన్నాళ్లుగా పస్తులుంటున్నావు?"

శూలయ్య తల వంచుకున్నాడు. "ఇంటికి పోదామన్నా డిప్పయ్యకు ఇవ్వడానికి ఏమీ లేదవ్వా. పోయినా నాకు ఇల్లు లేదు. తవ్వుదామంటే గోళ్లు లేవు. ఇంత తిండి పెట్టించు."

మీసాలవ్వ తన వాటా దుంప తీసి అతని ముందు పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కందమ్మ అడిగింది, పెట్టాం. నువ్వూ మొదటిరోజే అడిగి ఉంటే నీకూ పెట్టేవాళ్లం కదయ్యా. నీకు గోళ్లు ఉండేవి, మా పడమటి వాలు పిల్లలకు ఇళ్లు ఉండేవి."

శూలయ్య దుంప అందుకుని, నమలలేక నమలలేక తిన్నాడు. ఆ వానాకాలమంతా కందమ్మ తవ్విన మట్టిని పిల్లలతో కలిసి అవతలికి మోశాడు.

నీతి: కొత్త పనికి సొంత ఖర్చుతో వెళ్లడం తప్పు కాదు. కానీ వెళ్లాక ఎలా బతకాలో, రావలసి వస్తే ఎలా రావాలో ముందే చూసుకోవాలి. పిలిచినవాళ్లను అడగవలసింది అడగడం చిన్నతనం కాదు, బింకానికి పోయి అడగకపోవడమే తెలివితక్కువతనం.