కుమ్మరి శాసనం

పూర్వం మణిమంతమనే రాజ్యాన్ని ప్రతాపభూపతి ఏలుతుండేవాడు. తన పేరున ఒక ధర్మశాస్త్రం వెలయాలని ఆయనకు కోరిక పుట్టింది. ఆస్థాన పండితుడు శేషాద్రి సోమయాజి పాత స్మృతులన్నీ తిరగేసి, సంస్కృతంలో ఓ పెద్ద గ్రంథం రాసిచ్చాడు.

"ఇందులో నా మాట ఒక్కటీ లేదు ప్రభూ! ప్రజల మనసులో ఉన్నదే రాశాను" అని సోమయాజి సభలో చెప్పుకునేవాడు. రాజు మీసం దువ్వుకునేవాడు.

ఆ నగరంలోనే ఓబయ్య అనే కుమ్మరి ఉన్నాడు. తాతల నాటి నుంచీ వాళ్లు మట్టి తవ్వుకునే దిబ్బను రాజు తన విహారవనంలో కలిపేసుకున్నాడు. మంచి మట్టి మరెక్కడా దొరక్క, ఓబయ్య అక్కడే తట్టెడు తవ్వుకుని భటులకు చిక్కాడు. రాజు సొత్తు తీసినవాడి కుడిచెయ్యి నరకాలని కొత్త శాస్త్రం.

ఓబయ్య భార్య గురవమ్మ పరుగున వెళ్లి రాజాస్థానంలో హాస్యగాడైన తిప్పన కాళ్లమీద పడింది. "తమరి మాటకు రాజుగారు నవ్వుతారంట. ఎట్లాగైనా మా ఆయన చెయ్యి కాపాడండయ్యా!"

మర్నాడు తిప్పన తాటాకుల కట్టతో సభకు వచ్చాడు. "ఒక ధర్మశాస్త్రాన్ని తెనిగించాను మహాప్రభూ. ఇది ఎవరి మనసో సోమయాజిగారు సెలవివ్వాలి" అని చదవసాగాడు.

"కుమ్మరి సొత్తు తీసినవాని చెయ్యి నరకవలెను. కుమ్మరి ఎదురైన అందరును దారి తొలగవలెను. కుమ్మరి కోరిన భూమి కుమ్మరిదే. కుమ్మరి తప్పు చేసిన అడుగుటకు ఎవ్వరికిని అధికారము లేదు."

సభ గొల్లుమంది. సోమయాజి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ప్రజల మనసేమిటయ్యా! ఎవడో కుమ్మరి తన కోసం తానే రాసుకున్నాడు."

"ఎలా కనిపెట్టారు స్వామీ?"

"లాభమంతా ఎవడికో చూస్తే తెలియడంలా?"

తిప్పన చేతులు జోడించాడు. "ఇది తమరి గ్రంథమే. రాజు అన్నచోటల్లా కుమ్మరి అన్నాను. అంతే."

నవ్వులు ఆగిపోయాయి. సోమయాజి ముఖం వెలవెలబోయింది. ప్రతాపభూపతి కాసేపు బిగుసుకుపోయి, ఆనక పకపకా నవ్వాడు. "భలే తిప్పనా! మా పండితుడి నోటనే చెప్పించావు. ఏం కావాలో కోరుకో."

"ఓబయ్య చెయ్యి ఇప్పించండి ప్రభూ."

రాజు దళవాయి వైపు చూశాడు. దళవాయి తల వంచుకున్నాడు. "పొద్దున్నే అయిపోయింది ప్రభూ."

"అయ్యో" అన్నాడు రాజు.

తిప్పన తాటాకుల కట్టను రాజు పాదాల దగ్గర పెట్టాడు. "ఆ శాసనమైనా కొట్టేయించండి" అన్నాడు.

"చమత్కారం వేరు, శాసనం వేరు తిప్పనా!" రాజు మళ్లీ నవ్వి, తన మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు. సభ జయజయధ్వానాలు చేసింది.

సాయంత్రం తిప్పన కుమ్మరివాడకు వెళ్లాడు. ఓబయ్య, గుడ్డ చుట్టిన మణికట్టు ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని ఎటో చూస్తున్నాడు. తిప్పన హారం తీసి గురవమ్మ ముందు పెట్టాడు. ఆమె దానివైపు చూడనైనా లేదు.

"సారె నేను తిప్పుకుంటాలెండి అయ్యా" అంది. "మట్టి ఎక్కణ్ణుంచి తెచ్చుకోమంటారో అది చెప్పండి."

చీకటి పడుతున్నా తిప్పన ఆ ఇంటి అరుగుమీదే కూర్చుండిపోయాడు.