ఏ గుమ్మంలోంచి?

మణిమంథ గణరాజ్యంలో ఎగువ సభ, దిగువ సభ అని రెండుండేవి. రెండెందుకని అడగకండి, మా కాలేజీ మేష్టారే చెప్పలేకపోయారు. ఆ రెంటి మధ్య వాకిట్లో పైడమ్మ మిరపకాయ బజ్జీలు వేసేది. వాకిట్లోంచి బయటికి పోవాలంటే ఏదో ఒక సభలోంచే దారి.

బజ్జీల వాసనకి సభ్యులు చర్చలొదిలి పరిగెత్తుకొస్తున్నారని, ఎన్నడూ కలవని సభలు రెండూ కలిసి ఆమెను వెళ్లగొట్టే చట్టం చేశాయి. అధ్యక్షులిద్దరూ స్వయంగా వచ్చారు.

"ఇక బయల్దేరు," అన్నాడు ఎగువ సభాధ్యక్షుడు.

"చిత్తం బాబూ. నాకు వేరే బతుకు లేదు, అయినా చట్టం మీరతానా? గొప్ప సభ గుమ్మంలోంచే పోతాను. మీ రెండిట్లో ఏది గొప్పది?"

"ఇంకేది, మాదే."

"ఎగువనుంటే గొప్పా?" అన్నాడు దిగువ సభాధ్యక్షుడు. "మమ్మల్ని జనం ఎన్నుకున్నారు. మా గుమ్మంలోంచే వెళ్లాలి."

పైడమ్మ మూకుడు నెత్తినెట్టుకుని దిగువ సభ వైపు అడుగేసింది. ఎగువాయన అడ్డుపడ్డాడు. అటు తిరిగితే దిగువాయన చేతులు చాపాడు.

"ఇది తేలేదాకా ఇక్కణ్ణించి కదిలావంటే జైలే," అన్నారిద్దరూ ఒకే గొంతుతో.

"చిత్తం," అని పైడమ్మ మూకుడు దించి, మళ్లీ పొయ్యి ముట్టించింది.